సారలమ్మ ఎడమ కాలు

మా కింది వాటాలో ఉండే సారలమ్మ నాచారంలో మాత్రలు ప్యాక్ చేసే కంపెనీలో పని చేస్తుంది. మనిషి పొట్టి. మిషను పైనున్న గరాటులాంటి హాపర్‌లో మాత్రలు పోయాలంటే సంచి ఎత్తి పట్టుకుని మునివేళ్ల మీద లేవాలి. ఎప్పుడో ఎవరో జారి పడ్డారని అక్కడ స్టూలు వేసుకోనివ్వరు. ఏళ్ల తరబడి అలా లేస్తూనే ఉంది.

పోయిన వానాకాలం ఉప్పల్ రింగ్ రోడ్డులో కదులుతున్న బస్సు కోసం పరుగెత్తింది. ఎడమ మడమ వెనక ఎవరో బూటుకాలితో తన్నినట్టయింది. పడుతూనే వెనక్కి తిరిగి అరిచింది.

"ఏందయ్యా, కండ్లు కనవడ్తలేవా? ఆడోళ్లను తంతవా?"

వెనకున్న పెద్దాయన టిఫిన్ డబ్బా గుండెకు హత్తుకుని బిత్తరపోయాడు. "నేనెక్కడ తన్నానమ్మా! ఇంత దూరంలో ఉంటేను."

ఎవరూ తన్నలేదు. పిక్కను మడమకు కలిపే టెండన్ తెగింది. సారలమ్మ దాన్ని నరం అంటుంది. ఆపరేషన్ చేసి కుట్లు వేశారు. మొదట సిమెంటు కట్టు, తర్వాత బరువైన బూటు. అవి తీశాక చూస్తే పిక్క సన్నబడి, వేరే ఎవరిదో కాలులా ఉంది. కుట్ల పక్కన వేలు పెడితే తెలియదు. మెల్లగా మనిషి మొత్తం అలాగే అయింది. అన్నానికి పిలిస్తే వస్తుంది, తింటుంది. భర్త మొగిలయ్య ఆటో తోలుకొచ్చి ఏదైనా చెబితే వింటుంది. నవ్వదు, విసుక్కోదు.

కంపెనీ నుంచి సూపర్‌వైజర్ విజయభాస్కర్ ఫోన్ చేశాడు. "హాపర్ దగ్గర నిలబడగలిగితే వచ్చేయమ్మా. లేదంటే నీ చోట్లో వేసిన దుర్గాభవానినే ఉంచేస్తాను."

సరే సార్ అని ఫోన్ పెట్టేసి, ఉల్లిగడ్డలు కోస్తూ మొగిలయ్యతో అంది. "ఆ మిషను కాడ నిలవడకుంటే నేను గాడ ఎవలికి కావాలె?"

ఉప్పల్‌లో ఆమెతో వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు ధనశ్రీ చిన్నపిల్ల. మొదట పాదంతో రబ్బరు పట్టీని లాగించింది. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి మడమ లేపించింది. ఇప్పుడు గోడ పట్టుకుని రెండు కాళ్ల మీదా లేవమంది. సారలమ్మ సులువుగా లేచింది. ధనశ్రీకి అనుమానం వచ్చి, ఒక్కో పాదం కింద ఒక్కో బరువు చూసుకునే మిషను పెట్టి మళ్లీ లేవమంది. కుడి ముల్లు గిర్రున ముందుకు తిరిగింది. ఎడమది వెనక్కి పోయింది.

"నీ ఎడమ కాలు హాజరు వేయించుకుని క్యాంటీన్‌లో కూర్చుందక్కా! డ్యూటీ అంతా కుడిదే చేస్తోంది."

"నేనేం దొంగపని జేస్తలేను బిడ్డా. గా కాలు గూడ లేస్తున్నదనే అనుకున్న."

"తెలుసక్కా. ఆ కాలొక్కదాని మీద లేవగలిగేదాకా పనిలోకి వెళ్లకు."

ఆగలేదు. సోమవారమే వెళ్లింది. విజయభాస్కర్ చూస్తుండగా సంచి ఎత్తింది, లేచింది, పోసింది. ఏ కాలు లేపిందో ఆయనకేం తెలుసు! "బాగానే ఉందిగా అమ్మా" అని వెళ్లిపోయాడు. సంతోషం కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు.

మధ్యాహ్నానికి కుడి పిక్క వణకసాగింది. సంచి అంచు హాపర్‌కు తగిలి మాత్రలు నేల మీద చిందాయి. పక్క బల్ల దగ్గరున్న దుర్గాభవాని వచ్చి మిషను ఆపింది.

"ఇటియ్యక్కా. జర కూసో."

"నేను పోస్త."

"పోస్తవు తియ్యి. కుడిది గూడ తెంపుకుంటే నిన్ను ఎత్తుకొని పోవుడు నా పానం మీదికొస్తది."

సారలమ్మ సంచి వదిలేసింది. పాడైన మాత్రల స్ట్రిప్పులు ఏరే బల్ల దగ్గర కూర్చుంది. సాయంత్రం విజయభాస్కర్ వచ్చి రేపటి నుంచి అక్కడే కూర్చోమన్నాడు.

గేటు బయట మొగిలయ్య ఆటోతో ఉన్నాడు.

"మిషను కాడ నీ జాగ ఉన్నదా?"

"లేదు. కూసొని జేసే పని ఇచ్చిన్రు."

"ఏడ్సినవా?"

"లే."

మొగిలయ్య ఆమె మొహంలోకి చూశాడు. నిజంగానే ఏడవలేదు.

"ఏడ్సినా బాగుండు" అని ఆటో స్టార్ట్ చేశాడు.