ఎదురు నిప్పు

మంట ఆర్పిన మనిషే మంట పెట్టిందని ఫారెస్టువాళ్లు రాసుకుపోయారు. కింద నాగేశ్వరమ్మ చేత వేలిముద్ర కూడా వేయించుకున్నారు. తెలుగు, హిందీ, గోండి, దోర్లి నాలుగూ గలగలా మాట్లాడుతుంది గాని ఆమెకు ఒక్క అక్షరం రాదు. చదవగలిగిన మేనల్లుడు రాజశేఖర్ ఆ రోజు మిర్చి లోడుతో వరంగల్ పోయి ఉన్నాడు. ఆ సంగతి తలుచుకుంటే వాడికి ఇప్పటికీ పళ్లు పటపటమంటాయి.

భోపాల్‌పట్నం అవతల, ఇంద్రావతి ఒడ్డున ఇప్పచెట్ల కింద ఆదివారాలు జనం పిక్నిక్‌కు వస్తారు. పదకొండేళ్లుగా అక్కడ సీసాపెంకులు ఏరేది నాగేశ్వరమ్మే. ఎవరూ పెట్టిన పని కాదు. కూలికి పోయేముందు చీపురు పట్టుకుని వెళుతుంది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, పువ్వు కనబడాలని జనం చెట్టు కింద ఆకు కాలుస్తారు. ఆ అవసరం లేకుండా తానే ఊడ్చిపెడుతుంది.

పోయిన ఎండాకాలం ఎవరో కోడికూర వండుకుని పొయ్యి ఆర్పకుండా పోయారు. గాలికి మంట లేచి అడవిలోకి ఉరికింది. పెద్ద మంట వచ్చే దారిలో ముందే చిన్న మంట పెట్టి మధ్యనున్న ఆకు కాల్చేస్తే, పెద్దది తిండి లేక చస్తుంది. నాగేశ్వరమ్మ పెట్టింది ఆ ఎదురు నిప్పే. మంట చచ్చింది. సరిగ్గా అప్పుడు దిగాడు ఫారెస్టు గార్డు. ఆమె చేతిలో కాలుతున్న కొమ్మ. ఆయనకు అది చాలు.

ఈ ఏడు అదే జాగాలో స్వచ్ఛంద సేవకులకు సన్మానం. జీపుల్లో వచ్చినవాళ్లు పావుగంట ఊడ్చి, ఫొటోలు దిగి, శాలువాలు కప్పుకుని పోయారు. కొత్త చీపుర్ల ప్లాస్టిక్ కవర్లు ఇసుకలోనే వదిలేశారు. రాజశేఖర్ వచ్చేసరికి నాగేశ్వరమ్మ వంగి ఆ కవర్లే ఏరుతోంది.

"సిగ్గు లేదా అత్తా? వాళ్ల చెత్త నువ్వెత్తుడేంది?"

"వాళ్లింట్ల పడితే ఎత్తుతనా? నా జాగల పడ్డది."

"నీ జాగనా! నిప్పు పెట్టినవని రాసిండ్రు నిన్ను. మళ్ల చీపురు ముట్టినవంటే ఏట్ల పారేస్త."

"పారెయ్. ఊడ్వనీకి అడవిల చెట్ల మండలు లెవ్వా?"

"అయితే పా, శాలువన్న అడుగుదాం."

ఆమె నడుం ఎత్తింది. కళ్లు ఎర్రబడ్డాయి. "ఈ ఎండల శాలువ కప్పుకొని సావాల్నా? సదువుకున్నోనివి, నా వేలు పడ్డ కాగితం తిరగ రాయించి పట్టుకరా పో."

మర్నాడే బయలుదేరాడు. ఇంకా ఆ ఫారెస్టు ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నాడు. ఆ మొదటి రోజు బస్సు కదులుతుంటే ఆమె కిటికీ పట్టుకుని, పక్కవాళ్లంతా తిరిగి చూసేలా అరిచింది.

"రాయనంటే ఆ గార్డునే తోలుకరా శేఖరూ! మంట లేసినప్పుడు కొమ్మ ఆని చేతికిస్త. ఎట్ల ఆర్పుతడో నేను నిలబడి చూస్త!"