పెద్దమ్మ చెరిపేసిన గది

మా పెద్దమ్మ పోయింది. పొద్దున్నే పంపు దగ్గర బిందె పెట్టి నిలబడితే పక్కింట్లోంచి కబురొచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ ఈ కప్పు కింద ఉన్న ఆరిళ్లవాళ్లకూ అదే భయం.

ఆవిడతో మాకు రక్తసంబంధం లేదు. ఆవిడ భర్తా మా నాన్నా కలకత్తాలో మునిసిపాలిటీ పనివాళ్లు, పక్కపక్క క్వార్టర్లలో ఉండేవాళ్లం. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. తర్వాత ఎక్కడికి అన్నది మా ఇంట్లో రోజూ అన్నం దగ్గర వచ్చే మాట. సహకార సంఘం పెట్టుకుంటే స్థలం ఇస్తున్నారని విని పెద్దమ్మే ఆరిళ్లను కూడగట్టింది. బడ్జ్ బడ్జ్ వెళ్లే రైలు లైను పక్కన స్థలం వచ్చింది. ఇంతలో సిమెంటు, ఇనుము ధరలు పెరిగిపోయాయి. తప్పుకుంటానన్నాడు నాన్న. ఒక్క ఇల్లు తగ్గినా స్థలం వెనక్కి పోతుంది.

ఒక ఆదివారం పెద్దమ్మ అందర్నీ అక్కడికి తీసుకెళ్లి, ప్లాను చూస్తూ ముగ్గుపిండితో గదులన్నీ నేలమీద గీసింది.

"కాయితం మీద ఏటి తెలుస్తాది? లోపలికెళ్లి నడవండి. ఏది లేకపోయినా బతగ్గలరో అది కాలితో సెరిపియ్యండి."

ఆడవాళ్లు గీతల మధ్య వంటకి కూర్చుని చూశారు, పడుకుని చూశారు. ముందు బాల్కనీలు పోయాయి. విడి స్నానాలగదులు పోతుంటే పెద్ద గొడవే అయింది. మా అమ్మ మాత్రం మా ఒంటిగది మధ్యలో కదలకుండా నిలబడిపోయింది.

"అప్పా, మాకింక సెరపడానికేటి లేదు," అన్నాడు నాన్న పెద్దమ్మతో.

పెద్దమ్మ తన వాటాలోకి వెళ్లి వెనకగది మొత్తం చెరిపేసింది. మా ఇల్లు ఆ జాగాలోకి జరిగింది. మాకు వేరే పునాది అక్కర్లేకపోయింది, నాన్న తప్పుకోలేదు.

"అమ్మా, అది నా గది," అన్నాడు కాలేజీలో చదువుతున్న ఆవిడ కొడుకు.

"నీ గది ఇంకా కట్టనేదురా," అంది.

తర్వాత ఇన్నేళ్లూ సంఘానికి ఆవిడే సెక్రటరీ. వానాకాలం వస్తే ఆరిళ్లూ తిరిగి గోడలు చేత్తో తడిమేది, చెమ్మ కనిపిస్తే ఆ ఇంటివాళ్లని తిట్టేది. "గోడ మీ ఒక్కరిదీ కాదు, మనందరిది," అనేది. పాత ఇళ్లు కొని అపార్టుమెంట్లు కట్టే ప్రమోటర్లు స్థలం కోసం వస్తే కూర్చోబెట్టి, టీ ఇచ్చి మరీ పంపేసేది. నాకా ధైర్యం లేదు.

కొడుకు పెళ్లయ్యాక, ఇక్కడ చోటు చాలక షాలిమార్ వైపు అద్దెకు వెళ్లిపోయాడు. పండగలకి వచ్చినా గుమ్మంలోనే కూర్చుని వెళ్లేవాడు. ఇప్పుడు పెద్దమ్మ వాటా అతనిది. ఒక్క వాటా చేతికొస్తే చాలు, మిగతా అయిదూ ఎలా తీసుకోవాలో ప్రమోటర్లకి తెలుసు.

పెద్దకర్మ అయ్యాక అతను తిన్నగా మా ఇంటికి వచ్చాడు.

"నా గది ఇక్కడేనా?"

"కిటికీ దగ్గర్నుంచి మా అమ్మ మంచం దాకా, అన్నయ్యా," అన్నాను.

చెప్పులు విడిచి ఆ మేర నెమ్మదిగా నడిచాడు. "సిన్నదేనే," అన్నాడు.

అమ్ముతావా అని అడగబోయాను. అంతలో మంచంలో ఉన్న మా అమ్మ కాళ్లు ముడుచుకుని, అతను కూర్చోవడానికి చోటిచ్చింది.