నీలం తీగకు పెట్టిన పరీక్ష

మనిషి పరువు తీయడానికి శత్రువులు అక్కర్లేదు, సొంత చెవులు రెండూ చాలు. నా చెవులు పట్టపగలు, మా ఇంటి హాల్లోనే, కాఫీ అందేలోపు నన్ను ఎలా నిలువునా ముంచాయో చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. మా ఆవిడ సావిత్రి ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. చందాపురలో ఉండేవాళ్లం. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీలో నాది తనిఖీ ఉద్యోగం. కొలిచి చూడందే చిన్న మరమేకును కూడా గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు. అటువంటి నేను రంగనాథప్ప గారి ఆదివారం శ్రోతల బృందంలో చేరాక కొలతలన్నీ గాలికొదిలేశాను. ఆ బృందంలో పాట ఎలా ఉందని ఎవరూ అడగరు. స్పీకర్లు ఎలా ఉన్నాయి, ఆంప్లిఫయర్ ఎలా ఉంది, వాటిని కలిపే తీగ ఎలా ఉంది అంటారు. పెళ్లికి వెళ్లి, వధూవరుల వైపు చూడకుండా పందిరి గుంజలు తడిమి వచ్చే రకం మేము.

నేనూ ఛాతీ ఎత్తు స్పీకర్లు రెండు కొని హాల్లో నిలబెట్టాను. సావిత్రి సాయంత్రాలు పిల్లలకు వీణ నేర్పేది ఆ హాల్లోనే. వీణ వెనక గదిలోకి, బియ్యం మూటల పక్కకు వెళ్లింది.

"పిల్లోళ్లు యాడ కూర్చోవాల? మూటల మీదనా?" అంది.

"స్పీకర్లు గోడకు దూరంగా ఉండాలి సావిత్రీ. వాటికి గాలి ఆడాలి."

"పిల్లోళ్లకు ఆడక్కర్లేదా?"

నేను పేపరు తిరగేశాను. చివరికి ఆమే ఒక ఒప్పందం పెట్టింది. "ఆదివారం మీ రంగనాథప్ప వస్తారు కదా. ఆయన 'ఇదీ వీణంటే' అని దేన్ని మెచ్చుకుంటే హాలు దానిది. సరేనా?"

ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఆ రోజు మోగేది నా స్పీకర్లొక్కటే కదా! పైగా వేలెడు లావున్న కొత్త నీలం తీగ కూడా తెప్పించాను. నేల తగిలితే నాదం మలినమవుతుందట. అందుకని దాన్ని పెళ్లికూతురిలా చెక్కపీటల మీద కూర్చోబెట్టాను.

ఆదివారం నా ఏర్పాట్లు వినండి. రొద చేస్తుందని ఫ్యాను ఆపాను. గురకపెడుతుందని ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. కూడలి నుంచి లారీల మోత రాకుండా కిటికీలకు బొంతలు కట్టాను. వెలుతురు వల్ల నాదం పలచబడుతుందని రంగనాథప్ప గారి సిద్ధాంతం కాబట్టి, యంత్రాల మీది చిన్న దీపాలన్నిటికీ నల్ల టేపు అంటించాను. ఇంత శ్రద్ధగా తన గొయ్యి తానే తవ్వుకున్నవాణ్ణి మీరు చూసి ఉండరు.

రంగనాథప్ప గారు, వెంట శ్రీకర్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చారు. మధ్య కుర్చీ పెద్దాయనది.

"కండ్లు మూసుకోండప్పా! కండ్లు తెరిస్తే సగం వినికిడి పోతాది."

మూసుకున్నాం. వీణ సీడీ పెట్టాను. కల్యాణి రాగం.

"బాగానే ఉండాది, కానీ పొడిపొడిగా ఉండాదే," అన్నారు.

"యెస్ సార్, కొంచెం డ్రైగా ఉంది," అన్నాడు శ్రీకర్.

"కొత్త తీగ కదండీ, వేడెక్కాలి," అన్నాను.

ఇంతలో సంగీతం ఆగింది. ఆలాపన ముగిసిందేమో అనుకున్నాను. ఎవరూ కళ్లు తెరవలేదు. కొద్దిసేపటికి వీణ మళ్లీ లేచింది. అబ్బా, ఏం లేచింది!

"ఇప్పుడొచ్చెనప్పా! తీగ వేడెక్కినట్టుండాది!"

"సార్, సౌండ్‌స్టేజ్ ఎంత వెడల్పో చూడండి! గోడ దాటి పక్క రూములోకి వెళ్లిపోయింది!"

"ఆ గోరు తగిలేది వింటిరా? సీడీలో ఇది యాడ దాక్కోనుండెనో!"

నేను కళ్లు మూసుకునే డైరీలో 'నీలం తీగ మహిమ' అని రాసుకున్నాను. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి తొక్కుకున్నాయి. రంగనాథప్ప గారు తొడ చరిచారు. "ఇదీ వీణంటే! మనిషి వచ్చి కూర్చోని వాయించినట్టే ఉండాది!"

ఇక నేను ఆగుతానా? వెనక గది వైపు గొంతెత్తి అరిచాను. "విన్నావా సావిత్రీ?"

వీణ టక్కున ఆగింది.

"విన్నానండీ," అని వెనక గదిలోంచి జవాబు. "అయితే హాలు నాదేనా?"

ముగ్గురం ఒకేసారి కళ్లు తెరిచాం. సావిత్రి గుమ్మంలోకి వచ్చింది. "కరెంటు పోయి శానా సేపాయె. మీ పెట్టెలు గమ్మునుంటే, నేను అదే రాగం కొంచెం సాధన చేసుకుంటా ఉండా."

శ్రీకర్ కిటికీకి కట్టిన బొంతలో ముఖం దాచుకున్నాడు. రంగనాథప్ప గారు మాత్రం గొంతు సవరించుకుని, గంభీరంగా నా వైపు తిరిగారు.

"చూసినారా అప్పా? కరెంటు కలవకపోతే నాదం ఎంత శుద్ధంగా వస్తాదో!"

మధ్యాహ్నానికి స్పీకర్లు బియ్యం మూటల పక్కకు చేరాయి. పిల్లలు హాల్లోకి వచ్చారు. నీలం తీగ ఇప్పుడు పెరట్లో బట్టలారేయడానికి పనికొస్తోంది. దాని మీద ఆరిన పంచె మిగతావాటికంటే తెల్లగా ఉందని ఒకరోజు అనబోయి, నాలుక కరుచుకున్నాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట ఏ సంగీతం విన్నా, ముందు లేచి స్విచ్చి వేసి, ఫ్యాను తిరుగుతుందో లేదో చూడందే "ఆహా" అనను.