పల్చబడే సూది

మా మనవరాలి మందుచీటీ మీద తప్పు మాట రాశారు. ‘రక్తం పల్చబడే సూది, రోజుకొకటి’ అని. ఆ ఒక్క మాటకు ఆమె అత్త నాలుగు రోజులు సూది వేయనివ్వలేదు.

అంతకుముందు రెండు కడుపులు పోయిన పిల్ల. మళ్లీ నెల తప్పగానే కామారెడ్డి డాక్టరమ్మ పరీక్షలు చేయించి, రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువుందని, రోజూ పొట్ట మీద ఆ సూది వేసుకోవాల్సిందేనని చెప్పింది. సూది ఆగిందని మనవరాలు ఫోన్‌లో ఏడిస్తే ఆమె అత్తగారూరు ఎల్లారెడ్డికి బస్సెక్కాను.

పాలకేంద్రంలో రోజూ పాలు పోసే మనిషి ఆ అత్త. గడపలోనే అందుకుంది.

“పాలు పల్చగుంటెనే వాపస్ పంపుతరు బాపూ! దీని రక్తమే పల్చగ జేస్తే లోపలి పిల్లకు బలమేడికెళ్లొస్తది?”

కోపమొచ్చింది, ఆమె మీద కాదు. రాసింది రాసినట్టే నమ్మింది, అంతే. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. మిగతాదంతా పొట్లం కాగితాలతో మొదలుపెట్టి దొరికిందల్లా చదివి నేర్చుకున్నాను. గర్భిణుల రక్తం మామూలుగానే తొందరగా గడ్డకడుతుందట. కాన్పులో నెత్తురు ఆగాలని ఒళ్లు ముందే చేసుకునే ఏర్పాటు అది. కొందరిలో హద్దు దాటుతుంది. కడుపులో బిడ్డకు తిండి పంపే మాయలో గడ్డలు పడితే ఆ తిండి అందదు.

“పాలల్ల తోడేస్తే ఏమైతది బిడ్డా?” అన్నాను.

“పెరుగైతది. గింత తెల్వదా?”

“దీని రక్తం తోడెక్కువైన పాల లెక్కున్నది. ఊకె పేరుకుంటది. సూది ఆ పేరుకునుడు ఆపుతది, నీళ్లు కలపది.”

ఆమె మందుచీటీ మళ్లీ తీసి చూసింది.

“మరి గట్లనే రాయొద్దా! నాలుగో తరగతి చదివినోనికి తెల్సింది గంత పెద్ద దవాఖానల తెల్వదా?”

ఆ పూటే సూది పడింది. ఆ తర్వాత రోజూ టైముకు గుర్తుచేసింది ఆ అత్తే. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, ఆసుపత్రి వరండా అదిరేటంత గొంతుతో. షుగరున్నవాణ్ని, అత్త పంచిన పేడాలు రెండు తిన్నాను. ఎవరేమన్నా లెక్కచేయలేదు.

కానీ ఇంకెన్ని ఇండ్లలో ఆ మాట చూసి సూది మానేశారో! డాక్టరమ్మకు అంతకుముందే రెండు ఉత్తరాలు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. కాన్పయ్యాక మూడోది కాస్త ఘాటుగానే రాశాను. దానికి ఆమె చేతిరాతతో జవాబొచ్చింది:

“పెద్దయ్యా, మీరన్నది నిజం. ఇకనుంచి చీటీ మీద ‘రక్తం గడ్డకట్టకుండా చూసే సూది, బిడ్డకు మంచిది’ అని రాయిస్తున్నాం. నిన్న పిట్లం నుంచి వచ్చిన ఒక అత్త అది చదివి, ‘మంచిదైతే పూటకొకటి వెయ్యుండ్రి’ అని పట్టుబట్టింది. ఆమెకు ఏం చెప్పాలో కూడా మీరే రాసి పంపండి.”