వేడి టీ, బూడిదరంగు పొర

ఇది ఎప్పుడో రాయవలసింది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కార్ఖానాలో ఏడేళ్ళ వయసు నుంచి అగ్గిపుల్లలను చట్రాల్లో పేర్చిన చేతులివి, బలపం పట్టలేదు. పైగా ఇంట్లో మాట్లాడే తెలుగుకు మా ఊరి బళ్ళో అక్షరాలు లేవు. యాభై దాటాక అరవ అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత, చిత్తూరు నుంచి వచ్చిన కోడలి దగ్గర తెలుగువి. ఇక సాకు లేదు.

విరుదునగర్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో గాజుపలకలు కడగడం నా పని. గాలి తీసేసిన పెద్ద గాజుబుడ్డిలో ఒక పదార్థాన్ని ఆవిరి చేసి, ఆ పలకల మీద వెంట్రుక కన్నా పలచటి బూడిదరంగు పొర పట్టిస్తారు. తర్వాత తీగలు ఆనించి, కరెంటుకు అది ఎంత అడ్డుపడుతుందో కొలుస్తారు. అక్కడ పరిశోధన చేసే అమ్మాయిదీ తెలుగు ఇల్లే. ఒకరోజు నాకు చెప్పింది: "దీని గడప శానా తక్కువ పెద్దమ్మా. రవ్వంత వేడి తగిల్తే చాలు, లోపలి ఎలక్ట్రాన్లు దాటుకోని పరిగెత్తుతాయి, అడ్డు తగ్గిపోతాది."

కడిగిన పలక మీద నేను ఊది చూస్తాను. ఆవిరి ఒకే తీరుగా పరుచుకుంటే శుభ్రం. మచ్చలుగా విడిపోతే ఇంకా జిడ్డుంది. లాంతరు చిమ్నీ తుడిచేటప్పుడు మా అవ్వ చేసే పరీక్ష అది. ఊదాక మళ్ళీ కడిగే ఆరబెడతాను.

ఒక వారం కొలతలు కుదరలేదు. అదే పొర పొద్దున ఒక అంకె చూపిస్తుంది, మధ్యాహ్నం మూడింటికి అంతకన్నా తక్కువ. అమ్మాయి నా మీద పడింది.

"నీవు ఊదేదానితోనే పొర చెడిపోతా ఉండాది. వద్దంటే వినవు."

"నేనేమన్నా కొలిమితిత్తినా, నా ఊపిరి ఇన్ని దినాలు కాగతా ఉండేదానికి?"

రేపటి నుంచి నేల ఊడిస్తే చాలన్నారు ప్రయోగశాల చూసుకునే సారు, అరవంలో, నా ముఖం చూడకుండా. పలకలు ఇంకొకరు కడుగుతారట. ఆ గదిలో నాది అనుకున్న పని అదొక్కటే. కడగడం తప్పయితే పొద్దున మాత్రం సరిగ్గా ఎలా చూపిస్తుందని నేనూ అరవంలోనే అడిగాను. ఆయన కొలతల నోటుపుస్తకం తెరిచారు.

చీపురు పట్టినవాళ్ళకు బల్లల మీద ఏముంటుందో తెలుసు. మూడింటికి అమ్మాయికి టీ వస్తుంది. పొర బిగించిన అల్యూమినియం పళ్ళెం అంచునే ఆ టీ లోటా పెట్టుకుంటుంది. నేను ఊడవడం మొదలుపెట్టిన రోజూ అక్కడే ఉంది. తీసి కిటికీలో పెట్టాను.

"ఏంది పెద్దమ్మా, నా టీ!"

"పారబొయ్యలేదులే. మీటరు మీద ఆ నంబరు సూడు."

అంకె మెల్లగా పైకి పాకి, పొద్దుటి అంకె దగ్గర నిలిచింది. లోటా తిరిగి పెట్టాను. దిగింది.

పక్కనే నిలబడి చూస్తున్న సారు, కొలతల నోటుపుస్తకాన్ని అమ్మాయి వైపు తోశారు. నేను దాని మీద చెయ్యి వేశాను.

"సెప్పు పెద్దమ్మా, నేను రాస్తా."

"నింద నా మీద ఏస్తిరి గదా. ఇది గూడా నా చేతిదే ఉండనీ."

టీ ఉంటే తక్కువ, తీస్తే ఎక్కువ అని అరవంలో రాసి, కింద సంతకం పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి. దిద్దడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.

సారు మాత్రం నేల ఊడవమన్న తన మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోమని నేనూ అడగలేదు.

మరునాడు పొద్దున చీపురును మూలనే వదిలేసి సింకు దగ్గరికి వెళ్ళాను. మొదటి పలక కడిగి, ఇద్దరూ చూస్తుండగానే దాని మీద ఊదాను.