సున్నం గీతల ఇల్లు

ఈ ఉదయం పక్కింటి ప్రహరీకి సున్నం వేస్తున్నారు. తడి సున్నపు వాసన కిటికీలోంచి రాగానే జమీలా ఆపా గుర్తొచ్చి, చేతిలోని పుస్తకం మూసేశాను.

ఎల్లారెడ్డిలో ఆమె మా పక్క గదిలో అద్దెకుండేది. అక్కను ఉర్దూలో పిలిచినట్టు ఆపా అనేదాన్ని. భర్త యూసుఫ్ భాయ్ దుబాయ్‌లో మేస్త్రీ. అక్కడి ఎడారిలో చమురు పొంగినకొద్దీ మా వైపు భూముల ధరలు పొంగేవి. ఎనభైల ఆ రోజుల్లో, సెలవు మీద వచ్చినవాళ్లు బస్సు దిగి సూట్‌కేసు కింద పెట్టకముందే ప్లాట్లు అమ్మేవాళ్లు చుట్టుముట్టేవారు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. డైరీలో పేజీలకు పేజీలు రాసేదాన్ని గానీ, మనుషుల ముందు నోరు పెగిలేది కాదు. ఆపాకు మాత్రం లైబ్రరీ పుస్తకాల్లోని కథలు చదివి వినిపించేదాన్ని. ఆమె బీడీలు చుడుతూ వినేది.

ఆ ఏడు వాళ్లింట్లో తగవు మొదలైంది. తమ్ముడు పంపిన డబ్బుతో కామారెడ్డి రోడ్డు పక్కన జాగా కొని, ధర పెరిగాక అమ్మాలని యూసుఫ్ భాయ్ వాళ్లన్న రహీం పట్టు.

"రెండేండ్లు ఆగితే డబులైతది, జమీలా."

"జాగా డబులైతది. నేను గీ ఒక్క అర్రలనే ఉండాల్నా?"

ఆపాకు ఎల్లారెడ్డి బస్టాండు వెనక చిన్న ప్లాటు కావాలి. భర్త తిరిగొచ్చేసరికి అక్కడ ఇల్లు ఉండాలి. తేల్చాల్సింది యూసుఫ్ భాయ్. ఆయన ఆ రెండు జాగాల్లో ఏదీ చూడలేదు.

ఒకరోజు ఆపా డబ్బాడు సున్నప్పొడి పట్టుకుని నన్ను ఆ ప్లాటుకు తీసుకెళ్లింది. వంగి, మా అమ్మ వాకిట్లో ముగ్గు వేసినట్టే నేల మీద గదులు గీసింది. నేను గీత దాటబోతే కేకేసింది. "గోడలకెళ్లి వస్తవేంది పిల్లా! దర్వాజ గిటుంది."

ప్లాట్లు చూపించే నర్సయ్య పగలబడి నవ్వాడు. "బయానా పైసలు ఇయ్యకముందే ఇల్లు కట్టినవా, చెల్లె?"

"కట్టిన. నువ్వు చెప్పులతోని నా వంటింట్ల నిలవడ్డవ్, అన్నా."

ఆయన గబుక్కున బయటికి దూకాడు. అదీ గోడ మీంచే.

దుబాయ్ వాళ్లకు మాటలు క్యాసెట్లో నింపి పంపడం అప్పటి అలవాటు. ఆ గీతల మధ్యే ఆపా సంచిలోంచి టేపురికార్డరు బయటికి తీసింది. బటన్ నొక్కితే మొదటి మాటకు నవ్వేది, రెండో మాటకు టేపు ఆపేసేది.

"నాతోని అయితలేదు. నువ్వు చెప్పు."

"నేనా? నాకు రాదు, ఆపా!"

"నాకు కథలు సదువుతవ్ గదా, గట్లనే. గిది నా కథ."

టేపు తిరుగుతోంది. నేను సున్నంతో గీసిన దర్వాజ దగ్గర నిలబడ్డాను. "యూసుఫ్ భాయ్, చెప్పులు ఇడువుండ్రి. లోపలికి రాండ్రి. ఎడమ దిక్కు వంటిల్లు. ఆపా చాయ్ పెడుతున్నది." అలా ఒక్కో గదిలోకీ నడిచాను. గాలి ఎటునుంచి వస్తుందో, జామచెట్టు ఎక్కడ పెడతామో, మధ్యాహ్నం నీడ ఏ గోడ మీద పడుతుందో చెప్పాను. క్యాసెట్ ఆగినా నాకు బయటికి రావాలనిపించలేదు.

జవాబు క్యాసెట్‌ను దగ్గర్లోని నాగిరెడ్డిపేటకు సెలవు మీద వచ్చినాయన తెచ్చాడు. రహీం కూడా వచ్చి కూర్చున్నాడు. యూసుఫ్ భాయ్ గొంతు వినిపించింది.

"జమీలా, రూంల అందరం విన్నం. పిల్ల గొంతు సన్నగుంటే ఫ్యాన్ బంద్ చేసి టేపు చుట్టూ కూసున్నం. చెప్పులు ఇడువుమన్నదని అందరం ఇడిసినం." వెనక ఎవరో నవ్వారు. "అన్నా, కామారెడ్డి జాగా మల్ల చూద్దం. గా ఇంట్లకు నేను పోయి వచ్చిన. ఇడువబుద్ధి అయితలేదు."

"ఇగ నేనేం అంట?" అని రహీం చేతులెత్తేశాడు. ఆపా నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది.

కామారెడ్డి జాగా ధర నిజంగానే పెరిగింది. రహీం ప్రతి రంజాన్‌కూ ఆ కొత్తింట్లో కూర్చుని ఆ మాట ఎత్తేవాడు. ఆపా ఆయన గిన్నెలో ఇంకో గరిటె షీర్‌ఖుర్మా పోసేది.

ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. నా గొంతు ఇవాళ్టికీ సన్నమే. నలుగురి ముందు నిలబడి నోరెండినప్పుడు, ఆ ఎండల దేశంలో నా మాట కోసం ఫ్యాన్ ఆపుకుని కూర్చున్నవాళ్లను తలచుకుంటాను. మాట దానంతటదే వస్తుంది.