సూర్యలంకలో లుంగీకి ప్రవేశం లేదు

మా అక్కకి పెళ్ళయి ఇరవై అయిదేళ్ళు నిండిన ఆదివారం, ఉదయం ఆరు గంటల ప్యాసింజరుకి నేను రేపల్లెలో బయల్దేరాను. తొంభైల మొదట్లో మాట. అక్కావాళ్ళది చీరాల పక్క ఊరు. బావ మగ్గం మీద లుంగీలు నేస్తారు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ కలిసి ఒక్కసారి కూడా హోటల్లో కూర్చుని తిన్న పాపాన పోలేదు. "సూర్యలంకలో సముద్రం కనపడేట్టు అద్దాల హోటలు కట్టారంట తమ్ముడూ. మీ బావా నేనూ ఒక్క పూట అందులో కూర్చుని తినాలని ఉంది" అని దసరాకి వచ్చినప్పుడు అక్క మెల్లగా అంది. అక్క నన్ను ఎన్నడూ ఏదీ అడగలేదు. పెళ్ళిరోజుకి ఆ భోజనమే నా కానుక అని మాటిచ్చాను.

చిక్కల్లా ఒకటే. ఆ రిసార్టు హోటల్లోకి లుంగీతో వస్తే రానివ్వరని మా స్టాఫ్‌రూంలో ఎవరో చెప్పగా విన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ నియమం నాకు నచ్చింది. నేను హెడ్మాస్టర్ని. చొక్కా గుండీ ఊడి ఉన్నా స్కూలు గేటు దాటనివ్వను. ఇంట్లో లుంగీ కట్టుకుంటాను గాని, దాంతో వీధి గుమ్మం దిగి ఎరగను. వెంటనే అక్కకి ఇన్‌లాండ్ లెటర్ రాశాను, బావని ప్యాంటు వేసుకుని రమ్మని. బావకి అసలు ప్యాంటనేది ఉందా అన్న ఆలోచన నాకు రాలేదు.

భట్టిప్రోలులో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. రిటైరైన టీచరట. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో బైబిలు. తెనాలిలో చర్చికి వెళ్తున్నారు. మాటల్లో నా ప్రయాణం సంగతీ, హోటలు నియమం సంగతీ చెప్పాను. ఆయన నవ్వి, "ఎట్టా పోయినా దేవుడు రానిస్తాడండి. ఇస్త్రీ లేకపోతే మా ఆవిడే గడప దాటనియ్యదు" అన్నారు. జంపని దగ్గర చెరకు పాకం వాసన పెట్టె నిండా వచ్చింది. ఏడుంబావుకి తెనాలి చేరాం.

ఈ దారిన వెళ్ళేవాళ్ళు తెనాలిలోనే టిఫిన్ కానివ్వడం మంచిది. మద్రాసు వైపు ప్యాసింజరుకి గంటకు పైగా టైముంటుంది. స్టేషన్ బయట ఇడ్లీ, అల్లం పచ్చడి వేడివేడిగా దొరికాయి. రెండో ప్లేటు కూడా చెప్పాను. తొమ్మిదీ నలభైకి బాపట్లలో దిగేసరికి, అవతలి నుంచి వచ్చిన అక్కా బావా ప్లాట్‌ఫారం మీద నా కోసం చూస్తున్నారు.

అక్క కట్టుకున్నది వంకాయ రంగు చీర. బావ ఒంటి మీద కొత్త టెర్రీకాటన్ ప్యాంటు. ఈ భోజనం కోసమే కుట్టించారు. యాభై ఏళ్ళ జీవితంలో అదే మొదటి ప్యాంటు. రెండు కాళ్ళకీ ఒకదానితో ఒకటి మాటల్లేనట్టు దూరదూరంగా వేసి నడుస్తున్నారు.

"ఏంటోయ్ బామ్మర్దీ, దీంట్లో గాలాడట్లేదు. రోజూ ఎట్టా ఉంటన్నారయ్యా మీరు?" అన్నారు.

"ఊళ్ళో మగ్గాలోళ్ళందరూ వరసగా నిలబడి సాగనంపారు తమ్ముడూ, దొరగారు దొరగారు అంటా" అని అక్క నవ్వింది. బావ కూడా నవ్వారు గాని, చెవులు ఎర్రబడ్డాయి.

పది దాటాక బస్సు దొరికింది. అరగంటలో సరుగుడు తోటలు దాటి సముద్రం దగ్గర దిగాం. భోజనానికి ఇంకా టైముందని అక్క నీళ్ళ అంచున నిలబడింది. బావ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నారు. నలుగురిలో ఆయన అక్క చెయ్యి పట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. నేనే సిగ్గుపడి అటు తిరిగాను. తిరిగి చూసేసరికి ఒక పెద్ద అల వచ్చి పోయింది. అక్క చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని తప్పించుకుంది. బావ మాత్రం నడుం దాకా తడిసిపోయారు.

ఆ మందపాటి గుడ్డ ఎంత పిండినా నీరు కారుతూనే ఉంది. చివరికి బావ సంచిలోంచి తను నేసిన గళ్ళ లుంగీ తీసి కట్టుకున్నారు. ఒంటిగంటకి ముగ్గురం హోటలు తలుపు దగ్గరికి వెళ్ళాం. అక్కడ బోర్డు ఉంది: "లుంగీలు, బనీన్లు, తడి బట్టలతో లోపలికి రాకూడదు."

మేనేజరు కుర్రాడే, మర్యాదస్తుడు. "సారీ అండి, లుంగీతో కుదరదండి" అన్నాడు.

బావ లుంగీ అంచు పట్టుకుని చూపించారు. "ఇది నేను నేసిందేనయ్యా. ఒక్క పోగు తప్పుంటే చూపించు."

"బట్టలో తప్పు లేదండి. మొన్న కొంతమంది తాగొచ్చి, లుంగీలు ఎగ్గట్టి కూర్చున్నారండి. ఫ్యామిలీస్ లేచెళ్ళిపోయారు. ఒకళ్ళని రానిచ్చి ఒకళ్ళని వద్దంటే ఊరుకోరండి."

మా స్కూలు గేటు దగ్గర నేను చెప్పే మాటలు అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. అంతలో ఒకాయన మోకాళ్ళ పైకున్న నిక్కరుతో మా పక్కనుంచి లోపలికి వెళ్ళాడు.

"మరి ఆయన మోకాళ్ళు కనపడుతున్నాయి కదయ్యా? మా బావకి చీలమండలు కూడా కనపడట్లేదే!" అన్నాను.

"అది బెర్ముడా అండి" అన్నాడు పాపం, నేల చూపులు చూస్తూ.

"మీరిద్దరూ తిని రండి. నాకు ఆకలిగా లేదులే" అన్నారు బావ. అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ అద్దం లోంచి ఖాళీగా ఉన్న బల్లలవైపు చూసింది. ఆ చూపు నేను భరించలేకపోయాను. బావని చెయ్యి పట్టుకుని బట్టలు మార్చుకునే గదికి లాక్కెళ్ళాను.

నా ప్యాంటు ఆయనకి పొడవు సరిపోయింది గాని, నడుం దగ్గర బొత్తాం పట్టలేదు. అక్క మంగళసూత్రానికున్న పిన్నీసు తీసి పెట్టి, పైన చొక్కా లాగింది. ఆయన లుంగీ నేను కట్టుకున్నాను. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు, నేను సరుగుడు చెట్టు కింద కూర్చున్నాను.

ఎండుచేపల బుట్టతో పోతున్న ఒకామె ఆగి, "ఏం బాబాయ్, నిన్ను లోపలికి రానియ్యలేదా?" అంది.

"లేదమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎంత నామోషీగా ఉందో చెప్పలేను. యూనిఫాం లేదని నేను బయట నిలబెట్టిన పిల్లల మొహాలు వద్దన్నా కళ్ళ ముందుకొచ్చాయి.

అక్క అద్దం పక్క బల్లే ఎంచుకుంది. బావ వంజరం చేప వేపుడు ముల్లు తీసి ఆమె ప్లేటులో పెట్టారు. అక్క అటూ ఇటూ చూసి, సిగ్గుపడి, తినేసింది. కాసేపటికి మేనేజరే ఒక కుర్చీ, ప్లేటు నిండా అన్నం, చేపల పులుసు మోయించుకుని వచ్చాడు. "లోపల అమ్మగారు పంపమన్నారండి. చెట్టు కింద రూలేం లేదండి" అన్నాడు. అక్క అద్దం లోంచి తినమని సైగ చేసింది. అద్దానికి అటు వాళ్ళూ, ఇటు నేనూ కలిసే తిన్నాం.

మూడింటి బస్సుకి ముందు బావ బయటికొచ్చి పిన్నీసు తియ్యబోయారు. ఆయన ప్యాంటు ఇంకా చెమ్మగానే ఉంది. ఊళ్ళో లుంగీతో దిగితే ఆ మగ్గాలవాళ్ళు ఏడాది పొడుగునా ఆటపట్టిస్తారు.

"ఉంచండి బావా" అన్నాను.

"మరి నువ్వో? హెడ్మాస్టరువి!"

"నేను చీకటి పడ్డాక చేరతాగా."

బాపట్ల స్టేషన్లో చీరాల బండి ముందు వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని అక్క బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. నేను తెనాలి మీదుగా రేపల్లె బండెక్కాను. ఆ మేనేజరుని ఇప్పటికీ తప్పు పట్టను. అలాంటి చోట ఏదో ఒక కట్టుబాటు ఉండాల్సిందే. కాకపోతే వచ్చిన మనిషి ఎలా ఉన్నాడో చూశాక బోర్డు చూస్తే బాగుండేది. మా స్కూలు గేటు దగ్గర నేనూ ముందు రూలే చూసేవాణ్ణి. మీరు వెళ్తే మాత్రం ముందు భోంచేసి, తర్వాత నీళ్ళలోకి దిగండి.

చీకటి పడ్డాక చేరాను గాని, రేపల్లె ప్లాట్‌ఫారం మీద దీపాలన్నీ వెలుగుతున్నాయి. "నమస్కారం మాస్టారూ" అని ఒక పేరెంటు, ఆ వెనకే ఇంకొకరు. లుంగీ కిందికి దించుకుని అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ ఇంటికి నడిచాను.

తలుపు తీసిన మా ఆవిడ నన్ను కింది నుంచి పైకి చూసి, "ఏంటండీ ఇది? ప్యాంటేదీ?" అంది.

"అక్కకి పెళ్ళిరోజు కానుకగా ఇచ్చాను" అన్నాను.